దాణాలో ఎంజైమ్ బ్యాక్టీరియా పొడి వేస్తే ఫైటేజ్ మానేసి డీసీపీ తగ్గించొచ్చా?

1. తణుకు లేయర్

అందరికీ నమస్కారం అండి. మాది తణుకు దగ్గర. కేజ్ లేయర్లు (గుడ్ల కోళ్లు). దాణా షెడ్డు పక్కనే గ్రైండర్, మిక్సర్ పెట్టుకుని ఆడించుకుంటాం. మొక్కజొన్న, నూకలు, సోయా చెక్క, నూనె తీసిన తౌడు, కొంచెం పొద్దుతిరుగుడు చెక్క, సున్నపురాయి, డీసీపీ (భాస్వరం కోసం వేసే డైకాల్షియం ఫాస్ఫేట్), ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల మిశ్రమం). అందరూ వాడే ఫార్ములానే.

ఈ మధ్య ఒక కంపెనీ కుర్రాడు వచ్చి ఒక పొడి చూపించాడు. ప్యాకెట్ మీద బ్యాసిల్లస్ సబ్‌టిలిస్, బ్యాసిల్లస్ లైకెనిఫార్మిస్ అని రెండు పేర్లున్నాయి. గ్రాముకు 200 కోట్ల సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) అని ఉంది. దాని కింద అమైలేజ్, ప్రోటియేజ్, జైలనేజ్, ఫైటేజ్ (వరసగా పిండిని, ప్రోటీన్‌ను, పీచును, గింజల్లో బిగిసిన భాస్వరాన్ని విడగొట్టే ఎంజైమ్‌లు) అని రాశారు గానీ వాటి ఎదురుగా అంకె ఏమీ లేదు. టన్నుకు అరకిలో వేయమన్నాడు. "ఈ బ్యాక్టీరియా పేగులోనే ఉండి ఎంజైమ్‌లు తయారు చేస్తూ ఉంటుంది. ఇక ఫైటేజ్ కొనక్కర్లేదు. టన్నుకు డీసీపీ 5 కిలోలు, సోయా 20 కిలోలు తీసేయండి" అంటున్నాడు.

ఇప్పుడున్న మొక్కజొన్న రేటుకి, గుడ్డు రేటుకి టన్నుకు వంద మిగిలినా మిగిలినట్టే. కానీ కోళ్లు 45 వారాల వయసులో, మంచి ఉత్పత్తిలో ఉన్నాయి. పెంకు ఒకసారి దెబ్బతింటే దారికి తేవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ఎవరైనా ఇలా తగ్గించి చూశారా?

2. షాద్‌నగర్ బ్రాయిలర్

అన్నా, మాది బ్రాయిలర్. ఇంటిగ్రేషన్ (కంపెనీ పిల్లల్ని, దాణాను ఇచ్చి పెంచించడం) కాదు, సొంత బ్యాచ్‌లే. బ్యాసిల్లస్ పొడి నేను వాడుతున్నాను. రెట్ట గట్టిపడింది, ఊక తడవడం తగ్గింది. వానాకాలంలో పొద్దున్నే షెడ్డులోకి వెళ్తే కళ్లు మండేవి, ఇప్పుడు ఆ ఘాటు బాగా తగ్గింది. మందుల ఖర్చు కూడా తగ్గింది. కాబట్టి పొడి దండగ అని మాత్రం నేను అనను. డీసీపీ జోలికి నేనైతే పోలేదు.

3. డాక్టరమ్మ (పశువైద్యం)

తణుకు వారూ, ఒక్క ప్రశ్నకు ముందు జవాబు చెప్పండి. మీరు ఇప్పటికే ఫైటేజ్ వాడుతున్నారా? వాడుతుంటే, దాన్ని మొదలుపెట్టినప్పుడే డీసీపీ తగ్గించేసి ఉంటారు కదా? మీ జవాబు వచ్చేలోపు తెలిసింది రాస్తాను.

ప్రోబయోటిక్ (మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా) చేసే మేలు వేరు, కొలిచి అమ్మే ఎంజైమ్ చేసే మేలు వేరు. ఈ ప్యాకెట్ మీద రెండూ కలిపేశారు.

బ్యాసిల్లస్ జాతి బ్యాక్టీరియా నిజంగానే ఎంజైమ్‌లు పుట్టిస్తుంది. బట్టల సబ్బు పొడుల్లో వేసే ప్రోటియేజ్, పిండి పదార్థాన్ని విరగ్గొట్టే అమైలేజ్ పరిశ్రమల్లో తయారయ్యేది ఈ జాతి నుంచే. కాకపోతే అక్కడ పెద్ద ట్యాంకుల్లో, కావలసిన మేత, గాలి, వేడి అన్నీ అమర్చి, గంటల తరబడి పెంచుతారు. కోడి పేగులో అంత తీరిక లేదు. తిన్న దాణా కొన్ని గంటల్లోనే బయటికి వెళ్లిపోతుంది. మనం వేసేది నిద్రలో ఉన్న స్పోర్లు, అంటే విత్తనంలా గట్టి పొరలో ఉన్న బ్యాక్టీరియా. అవి కందనకాయ, ఆమ్లం దాటి పేగులోకి వెళ్లాక కొన్ని మొలకెత్తుతాయి. అక్కడే స్థిరపడి కాపురం పెట్టవు, దాణాతో పాటే కదిలిపోతాయి. అందుకే రోజూ వేయాలి. మొలకెత్తినవి ఎంజైమ్ వదలవని కాదు. ఎంత వదిలాయో లెక్క కట్టి దాన్ని ఫార్ములాలో పెట్టే పద్ధతి లేదు.

ఇందులో ఫైటేజ్ సంగతి ఇంకా చిక్కు. గింజల్లో, చెక్కల్లో ఉన్న భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బిగిసి ఉంటుంది. మనం కొనే ఫైటేజ్ దాన్ని ఎక్కువగా క్రాప్‌లో (మెడ దగ్గరి మేత సంచిలో), ఆమ్లం ఊరే చోట, కందనకాయలో విడగొడుతుంది. ఆ దశలో మన బ్యాసిల్లస్ ఇంకా స్పోరుగానే ఉంటుంది. పైగా బ్యాసిల్లస్ పుట్టించే ఫైటేజ్ రకం వేరు, ఆమ్లంలో కాక తటస్థ పీహెచ్ దగ్గర పనిచేస్తుంది. అంటే చిన్నపేగులో. లేయర్ దాణాలో కాల్షియం 4 శాతం దాకా ఉంటుంది కాబట్టి చిన్నపేగుకు చేరేసరికి ఫైటేట్‌లో చాలా భాగం కాల్షియంతో కలిసి గడ్డకట్టి ఉంటుంది. అప్పుడు దాన్ని కరిగించడం కష్టం.

షాద్‌నగర్ వారు చెప్పిన మేలు మాత్రం నిజమైనదే. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్, ఈ.కోలై లాంటివాటిని బ్యాసిల్లస్ అణచిపెడుతుంది, మంచి లాక్టోబాసిల్లై పెరగడానికి తోడ్పడుతుంది. యూరప్‌లో 2006 జనవరి 1 నుంచి ఎదుగుదల కోసం యాంటీబయాటిక్ వేయడం మానిపించారు. మన దేశంలో 2019 జులైలో ఆహార జంతువులకు కొలిస్టిన్‌ను నిషేధించారు. ఆ ఖాళీలోకి వచ్చిన వాటిలో ఇవే ముఖ్యమైనవి. నేనూ రైతులకు వాడమనే చెబుతాను. పేగు ఆరోగ్యం కోసం వాడమని చెబుతాను.

4. తణుకు లేయర్

అవునండి డాక్టర్ గారూ. ఫైటేజ్ ఎప్పటినుంచో వాడుతున్నాం, టన్నుకు 500 యూనిట్ల లెక్కన... అంటే కిలో దాణాకు 500. డీసీపీ అప్పుడే తగ్గించాం.

5. డాక్టరమ్మ (పశువైద్యం)

అదే నా భయం. ఇప్పుడు లెక్క చూడండి.

కిలోకు 500 యూనిట్ల ఫైటేజ్ వేస్తే సుమారు 0.1 శాతం అందుబాటు భాస్వరం వస్తుందని ఫార్ములాలో పెట్టుకుంటాం. టన్నుకు అది 1 కిలో భాస్వరం. డీసీపీలో 18 శాతం భాస్వరం ఉంటుంది కాబట్టి 1 కిలో భాస్వరం అంటే సుమారు 5.5 కిలోల డీసీపీ. మీ దగ్గరికి వచ్చిన అబ్బాయి చెప్పిన 5 కిలోలు ఈ లెక్కలోంచి వచ్చిన అంకే. కానీ ఆ తగ్గింపు మీరు ఫైటేజ్ మొదలుపెట్టినప్పుడే తీసేసుకున్నారు. ఇప్పుడు ఫైటేజ్ ఆపితే ఒక 0.1 పోతుంది. డీసీపీ ఇంకో 5 కిలోలు తీస్తే మరో 0.1 పోతుంది. లేయర్ దాణాలో మనం పెట్టుకునే అందుబాటు భాస్వరమే 0.35 నుంచి 0.4 శాతం. అందులో సగం దాకా తీసేసి, ఆ భారమంతా అంకె లేని ఒక పేరు మీద వేస్తున్నారు.

ఇంకో ముఖ్యమైన మాట. ఇది వెంటనే బయటపడదు. గుడ్డు పెట్టే కోడి ఎముకల లోపల మజ్జ ఉండే చోట ఒక ప్రత్యేకమైన ఎముక ఉంటుంది. పెంకు కోసం కాల్షియం కావలసినప్పుడు దాన్ని కరిగించి వాడుకుంటుంది, దాంతో పాటే భాస్వరమూ కదులుతుంది. దాణాలో తక్కువైనా మొదట్లో ఈ నిల్వే కాపాడుతుంది. రెండు వారాలు చూసి "గుడ్డు బాగానే ఉంది, పెంకు బాగానే ఉంది" అనుకుంటాం. ఆ తర్వాత కాళ్లు పడిపోయి కేజ్‌లో లేవలేని కోళ్లు కనిపించడం మొదలవుతుంది. అప్పటికి మొత్తం మందలో ఎముక పలచబడి ఉంటుంది.

6. పౌల్ట్రీ కన్సల్టెంట్

డాక్టర్ గారి మాటలు గౌరవంతో చదివాను. ఫైటేజ్ విషయంలో ఒప్పుకుంటున్నాను, నేను కూడా ఎవరికీ ఫైటేజ్ ఆపమని చెప్పను. అయితే "బ్యాక్టీరియా నుంచి పోషక లాభం లెక్కలోకి రాదు" అనే మాటతో పూర్తిగా ఏకీభవించలేను.

పేగు గోడ ఆరోగ్యంగా ఉంటే, విల్లై (పేగు లోపల పోషకాలు పీల్చే సన్నని వేళ్లలాంటివి) పొడవుగా ఉంటే, అదే దాణా నుంచి కోడి ఎక్కువ పీల్చుకుంటుంది. పేగులో వాపు ఉన్న కోడి తిన్నదాంట్లో కొంత వ్యాధి నిరోధానికే ఖర్చు పెడుతుంది. ఆ ఖర్చు తగ్గితే మిగిలేది ఎఫ్‌సీఆర్‌లో (తిన్న దాణాకు వచ్చిన ఉత్పత్తి లెక్కలో) కనిపిస్తుంది. బ్యాక్టీరియా సొంత ఎంజైమ్ వల్ల వచ్చిందా, పేగు బాగుపడటం వల్ల వచ్చిందా అనేది రైతుకు రెండో విషయం. మేలు వచ్చిందా లేదా అన్నదే మొదటిది. ప్రోటియేజ్ బాగా వదిలే రకాలను ఎంచి తయారు చేసిన ఉత్పత్తులు ఉన్నాయి. వాటితో ప్రోటీన్ కొద్దిగా తగ్గించిన మందల్లో ఫలితాలు బాగున్నవి నేను చూశాను.

7. మైక్రోబయాలజీ విద్యార్థి

నమస్తే అండి. నేను పీజీ చేస్తున్నాను, ప్రాజెక్టు ఇదే. కోడి పేగు నుంచి బ్యాసిల్లస్ వేరు చేసి ఎంజైమ్ చూడటం. "ఎంజైమ్ ఉత్పత్తి చేసే" అని ప్యాకెట్ మీద రాయడానికి ల్యాబ్‌లో ఏ పరీక్ష చేస్తారో చెబితే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

స్టార్చ్ కలిపిన అగర్ ప్లేట్ మీద బ్యాక్టీరియాను చుక్కగా పెట్టి 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచుతాం. పొద్దున్న దాని మీద అయోడిన్ పోస్తే ప్లేటంతా ముదురు నీలం, దాదాపు నల్లగా అవుతుంది. అమైలేజ్ వదిలిన కాలనీ చుట్టూ మాత్రం నీలం రంగు పట్టకుండా గుండ్రంగా తేటగా ఉంటుంది. ఆ వలయాన్ని స్కేలుతో కొలుస్తాం. ప్రోటియేజ్‌కి పాలపొడి కలిపిన ప్లేటు. తెల్లగా ఉన్న ప్లేటులో కాలనీ చుట్టూ పాలలోని ప్రోటీన్ కరిగిపోయి అద్దంలా కనిపిస్తుంది. సెల్యులేజ్‌కి (సెల్యులోజ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్) సీఎంసీ అనే సెల్యులోజ్ రకం కలిపిన ప్లేటు, కాంగో రెడ్ రంగు.

ఈ పరీక్షలు ఏం చెబుతాయంటే, ఈ రకానికి ఆ ఎంజైమ్ చేసే శక్తి ఉంది అని. ప్లేటులో దానికి పోటీ లేదు, ఆకలి లేదు, పన్నెండు గంటలకు పైగా సమయం ఉంది. అందుకే ఒక వలయం బాగా వచ్చిన రకం కోడిలో కూడా అంతే చేస్తుందని మా మేడమ్ ఎప్పుడూ రాయనివ్వరు. ఫైటేజ్ యూనిట్ అయితే వేరు. 37 డిగ్రీల దగ్గర, పీహెచ్ 5.5 దగ్గర, సోడియం ఫైటేట్ నుంచి నిమిషానికి 1 మైక్రోమోల్ ఫాస్ఫేట్ విడుదల చేసే ఎంజైమ్‌ను ఒక యూనిట్ అంటారు. దానికి కొలత ఉంది కాబట్టి దాని ఎదురుగా అంకె వేయగలరు.

8. ఫీడ్ మిల్లు, గుంటూరు

అంకెల మాట వచ్చింది కాబట్టి ప్యాకెట్ మీదున్న లెక్క కూడా విప్పి చూద్దాం. గ్రాముకు 200 కోట్లు. టన్నుకు 500 గ్రాములు. అంటే టన్ను దాణాలో లక్ష కోట్లు. కిలోకు 100 కోట్లు, గ్రాముకు 10 లక్షలు. లేయర్ రోజుకు 110 గ్రాములు తింటే 11 కోట్ల స్పోర్లు వెళ్తాయి. బ్యాసిల్లస్‌కి ఇది సరిపడే మోతాదే, ఆ విషయంలో ప్యాకెట్‌ను తప్పుపట్టను. కొందరు ఇదే పొడిని సున్నపు పిండితో పలచన చేసి టన్నుకు 100 గ్రాములు చాలంటారు. అప్పుడు ఈ గుణకారం వేసి చూడండి.

మాది పెల్లెట్ (గుళికల దాణా) మిల్లు. కండిషనర్‌లో 80–85 డిగ్రీల ఆవిరి తగులుతుంది. లాక్టోబాసిల్లస్ అక్కడే చచ్చిపోతుంది, పూత వేసిన రకమైతే తప్ప. బ్యాసిల్లస్ స్పోరు తట్టుకుంటుంది. ఫైటేజ్ కూడా అన్నీ తట్టుకోవు, పెల్లెట్ దాణాకి పూత ఉన్నవి కొంటాం. తణుకు వైపు మీ అందరిదీ మ్యాష్ (పొడి దాణా) కాబట్టి ఈ టెన్షన్ మీకు లేదు. మీకు ఉన్న చిక్కు కలపడం దగ్గర. అరకిలో పొడిని నేరుగా టన్ను మిక్సర్‌లో విసరకండి. ముందు పది పదిహేను కిలోల తౌడులో బాగా కలిపి, ఆ తౌడును మిక్సర్ తిరుగుతుండగా పోయండి.

9. తణుకు లేయర్

ఫైటేజ్ ఆపను, డీసీపీ ముట్టుకోను. అది తేలిపోయింది. ఇంత లెక్క చూపించినందుకు డాక్టర్ గారికి చాలా థాంక్స్. మరి సోయా? కన్సల్టెంట్ గారు కొద్దిగా తగ్గించొచ్చంటున్నారు. 20 కిలోలు మరీ ఎక్కువా?

10. డాక్టరమ్మ (పశువైద్యం)

46 శాతం సోయా చెక్క 20 కిలోలు తీస్తే 9.2 కిలోల ప్రోటీన్ పోతుంది. ఆ చోట మొక్కజొన్న వేస్తే 1.8 కిలోలు తిరిగి వస్తుంది. నికరంగా 7.4 కిలోలు, అంటే 0.74 శాతం. మీ దాణా 17 శాతం అయితే 16.26కి వస్తుంది. లైసిన్ కూడా దాంతో పాటే దిగుతుంది. మొదట తగ్గేది గుడ్డు బరువు. గుడ్ల సంఖ్య చూసుకుంటూ ఉంటే ఈ నష్టం కంటికి ఆనదు, ట్రేల బరువు తూస్తేనే తెలుస్తుంది. లైసిన్, మెథియోనిన్ విడిగా పెంచి సరిచేస్తే ప్రోటీన్ కొంత తగ్గించొచ్చు, ఆ పని పొడి లేకపోయినా చేయొచ్చు. అప్పుడు ఆదా పొడి ఖాతాలో వేయకూడదు.

11. జర్మనీ ఫీడ్ ల్యాబ్

నమస్కారం, మాది ఏలూరు, ఇప్పుడు ఇక్కడ ఫీడ్ ల్యాబ్‌లో పని. కంపెనీ బ్రోచర్లలో చూపించే యూరప్ ఫలితాల గురించి ఒక మాట. ఇక్కడ కోళ్ల దాణాలో ఎక్కువ భాగం గోధుమ, కొంత బార్లీ. గోధుమలోని అరబినోజైలన్, బార్లీలోని బీటా గ్లూకాన్ పేగులో జిగురులా చిక్కబడతాయి, రెట్ట అంటుకుంటుంది. జైలనేజ్ వేస్తే ఆ చిక్కదనం విరిగి తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మొక్కజొన్న–సోయా దాణాలో ఆ జిగురు తక్కువ, కాబట్టి అదే స్థాయి లాభం ఆశించకూడదు. మన దగ్గర జైలనేజ్‌కు పని దొరికేది తౌడు, పొద్దుతిరుగుడు చెక్క, డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే గింజల పిప్పి) ఎక్కువగా వేసినప్పుడు. అక్కడ కూడా జిగురు కంటే పీచు సమస్య ఎక్కువ.

ఇంకొకటి, ఏ రకం బ్యాసిల్లస్ అన్నది ముఖ్యం. జాతి పేరు ఒక్కటే చాలదు, స్ట్రెయిన్ (ఆ జాతిలోని ప్రత్యేక ఉపరకం) నంబర్ ఉండాలి. బ్యాసిల్లస్ సీరియస్ తరగతికి చెందిన ఒక ప్రోబయోటిక్ ఇక్కడ చాలా కాలం అమ్మకంలో ఉండేది. దానిలో యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు ఉన్నాయని తేలడంతో 2013లో యూరోపియన్ యూనియన్ అనుమతి నిలిపివేసింది. యాంటీబయాటిక్ మానడానికి వేసే పొడిలోనే ఆ జన్యువులు ఉండటం అంటే ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. ప్యాకెట్ మీద స్ట్రెయిన్ నంబర్ లేకపోతే అడగండి.

12. నాటుకోడి, ఖమ్మం

మాది వంద నాటుకోళ్ల లోపు. మేం ఏ పొడీ కొనం. పుల్లటి మజ్జిగ నీళ్లలో కలిపి పోస్తాం. తౌడులో బెల్లం, పెరుగు వేసి డ్రమ్ములో మూత పెట్టి పులియబెట్టి పెడతాం. కోళ్లు ఇష్టంగా తింటాయి. ఇదే పద్ధతి లేయర్లకు పెద్ద ఎత్తున చేస్తే ఖర్చు లేకుండా అయిపోతుంది కదా?

13. ఫీడ్ మిల్లు, గుంటూరు

వంద కోళ్లకు ఏ రోజుది ఆ రోజు పెడితే మంచిదే అండి, మానొద్దు. టన్నుల్లో చేస్తే మాత్రం ఇబ్బంది. తడి తౌడు ఎక్కడ గాలి తగిలితే అక్కడ బూజు పడుతుంది, బూజు వెంట అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. గోదావరి జిల్లాల తేమలో ఇంకా త్వరగా. పైగా తడి దాణా కేజ్ తొట్లలో అంటుకుపోయి పులుస్తుంది, ఈగలు ముసురుతాయి. సోయా చెక్కను బ్యాసిల్లస్‌తో పులియబెట్టి ఎండబెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. అది అదుపు చేసిన వేడిలో, తెలిసిన స్ట్రెయిన్‌తో చేసే పని.

14. షాద్‌నగర్ బ్రాయిలర్

డాక్టరమ్మా, ఒక డౌటు. మేము కాక్సికి (కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు) సాలినోమైసిన్ వేస్తాం. మధ్యలో సీఆర్‌డీ (శ్వాస జబ్బు) వస్తే నీళ్లలో యాంటీబయాటిక్ ఇస్తాం. అప్పుడు పొడి వేసినా దండగేనా? నీళ్లలో క్లోరిన్ కూడా ఉంటుంది.

15. డాక్టరమ్మ (పశువైద్యం)

సాలినోమైసిన్ లాంటివి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా (బ్యాసిల్లస్ కూడా ఈ తరగతే) మీద కూడా కొంత పనిచేస్తాయి. కొన్ని బ్యాసిల్లస్ స్ట్రెయిన్‌లను వాటితో కలిపి పరీక్షించి ఉంటారు, ఏవేవి కలపొచ్చో కంపెనీ రాతపూర్వకంగా ఇవ్వాలి. యాంటీబయాటిక్ ఇస్తున్న రోజుల్లో మొలకెత్తిన కణాలు చచ్చిపోతాయి, స్పోర్లు అలాగే బయటికి పోతాయి. కోర్సు అయిపోగానే వేయడం మేలు, దెబ్బతిన్న పేగు కోలుకోవడానికి అప్పుడే అవసరం ఎక్కువ. తాగునీటిలో వేసే మోతాదు క్లోరిన్‌ను స్పోరు తట్టుకుంటుంది. లాక్టోబాసిల్లస్‌ను నీళ్లలో ఇస్తే మాత్రం, టీకా రోజు చేసినట్టే క్లోరిన్ ఆపి ఇవ్వాలి.

16. పౌల్ట్రీ కన్సల్టెంట్

తణుకు వారికి నా సలహా. ఒకే వయసు, ఒకే బ్రీడు ఉన్న రెండు షెడ్లు ఉంటే ఒకదానికి పొడి వేసి, ఒకదానికి వేయకుండా, ఫార్ములా ఏ మాత్రం మార్చకుండా చూడండి. ముందు ఆ తేడా తెలియాలి. తేడా కనిపిస్తేనే రెండో దశలో సోయా కొద్దిగా, అదీ అమైనో ఆమ్లాలు సరిచేసి తగ్గించొచ్చు. రెండు మార్పులూ ఒకేసారి చేస్తే ఏది దేనివల్లో ఎవరికీ తెలియదు. సోయా లెక్క మీద డాక్టర్ గారితో నాకు ఇంకా కొంత భేదం ఉంది గానీ, ఈ వరస మీద భేదం ఉండదనుకుంటున్నాను.

17. డాక్టరమ్మ (పశువైద్యం)

భేదం ఏమీ లేదండి. ఇదే సరైన వరస.

18. తణుకు లేయర్

రెండు షెడ్లున్నాయి, వారం తేడాతో ఒకే వయసు. ఒకదానికి మొదలుపెడతాను. ఫైటేజ్, డీసీపీ, సోయా యథాతథం. ఏమేం రాసుకోవాలో కాస్త చెప్పండి. గుడ్ల సంఖ్య, దాణా, మోర్టాలిటీ మామూలుగానే రాస్తాం.

19. డాక్టరమ్మ (పశువైద్యం)

వాటితో పాటు గుడ్డు బరువు వారానికోసారి, ప్రతి షెడ్డులో అవే వరసల నుంచి, అదే పూట తీసిన ట్రేలు తూయండి. పగిలిన, చిట్లిన గుడ్లు విడిగా లెక్కపెట్టండి. పెంకుకు ఉప్పునీటి పరీక్ష చేయొచ్చు. బకెట్ నీళ్లలో ఉప్పు కరిగిస్తూ హైడ్రోమీటర్‌తో (సాంద్రత చూపే పరికరం) 1.080 వచ్చేలా చేసి, ఆ రోజు పెట్టిన గుడ్లనే అందులో వేయండి. మునిగినవాటికి పెంకు బాగున్నట్టు, తేలినవాటికి పలచన అయినట్టు. వందలో ఎన్ని తేలాయో రాసుకోండి. గుడ్డు పాతదైతే లోపల గాలి గది పెరిగి అదీ తేలుతుంది, అందుకే తాజా గుడ్డు అంటున్నాను. కేజ్‌ల కింద రెట్ట తడి కూడా ఫోటో తీసి పెట్టండి.

కనీసం రెండు నెలలు నడపండి. ఆ మధ్యలో టీకా, మందు, మొక్కజొన్న లోడు మారడం లాంటివి ఏవి జరిగినా రెండు షెడ్లకూ ఒకేసారి జరగాలి.

20. పెరవలి లేయర్

ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, రాయలేదు. అదే పొడి అమ్మడానికి మా దగ్గరికీ వచ్చారు. నేను బ్యాచ్ సర్టిఫికెట్ అడిగాను. స్ట్రెయిన్ నంబర్, బ్యాచ్ సీఎఫ్‌యూ, ఫైటేజ్ యూనిట్లు ఎన్ని అని మూడు అడిగాను. మొదటి రెండూ మర్నాడే వాట్సాప్‌లో పంపారు. మూడోదానికి "అది బ్యాక్టీరియా లోపల తయారవుతుంది సార్, ప్యాకెట్‌లో ఉండదు" అన్నారు. అదే మాట లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వమన్నాను. ఇచ్చారు. తణుకు గారూ, కావాలంటే కాపీ పంపుతాను. మీ దగ్గరికి వచ్చిన కంపెనీ అబ్బాయి చెప్పిన డీసీపీ తగ్గింపుకి ఆ కాగితం చూపించి అడగండి.

21. తణుకు లేయర్

పంపండి అండి. రేపు సోమవారం దాణా ఆడించేటప్పుడు మొదలుపెడుతున్నాను. రెండు నెలల లెక్కలు ఈ పోస్టు కిందే పెడతాను, బాగున్నా బాగాలేకపోయినా.